సంధి లేని చోట యడాగమం: మన ఇంటర్ తరగతుల్లో పుట్టిన ఫిర్యాదులు, నవ్వులు

కాలువగట్టు పంతులు

సభ్యులందరికీ నమస్కారం. కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక జూనియర్ కళాశాలలో 26 ఏళ్లు తెలుగు చెప్పి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను. మా పూర్వ విద్యార్థులు ఒక సంచిక తీసుకురావాలని సంకల్పించారు. ర్యాంకులు, బహుమతులు, అతిథుల ఫొటోలు వేరేవారు చూసుకుంటున్నారు. విద్యార్థులు మా మీదా, మేము విద్యార్థుల మీదా చేసిన సరదా ఫిర్యాదులను, ఆ తరగతిలో కూర్చున్నవారికి తప్ప మరొకరికి అర్థం కాని మాటలను సేకరించే పని నాకు అప్పగించారు. దీనిని నేను చిన్న పనిగా భావించడం లేదు. పాతికేళ్ల తరువాత కలిసిన పిల్లలు నేను చెప్పిన పద్యాలను మరిచిపోయినా, ఈ మాటలలో ఒక్కటి కూడా మరిచిపోలేదు.

నా దగ్గర ఉన్నదానిని ముందు చెబుతాను. ఒకనాడు వ్యాకరణం గంటలో ‘అత్తునకు సంధి బహుళముగానగు’ అన్న సూత్రం చెప్పి, బహుళం అంటే ఏమిటో వివరించాను. తప్పక జరగడం, జరిగినా జరగకపోయినా సరిపోవడం, అసలు జరగకపోవడం, చెప్పినది కాక మరొకటి జరగడం, ఈ నాలుగూ బహుళంలో ఉంటాయి. కొన్నాళ్లకు, ఒక శుక్రవారం మొదటి గంట సగమైన తరువాత ఏడుగురు పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆలస్యానికి కారణం రాసి ఇమ్మంటే, వారిలో ఒకడు కాగితం మీద ‘మా ఊరి బస్సు వచ్చుట బహుళముగానగు’ అని రాసి, కింద ఉదాహరణలు కూడా ఇచ్చాడు. సోమవారం బస్సు వేళకు వచ్చింది గనుక నిత్యం. మంగళవారం కిక్కిరిసి వచ్చింది, ఎక్కగలిగినవారు ఎక్కారు, ఎక్కలేనివారు నిలిచిపోయారు గనుక వైకల్పికం. బుధవారం రానేలేదు గనుక నిషేధం. గురువారం మా ఊరి వేళకు వేరే ఊరి బోర్డు పెట్టుకొని వచ్చింది గనుక అన్యకార్యం. బహుళానికి అంత చక్కని సమాధానాన్ని నేను ఏ పరీక్ష పత్రంలోనూ చూడలేదు. ఆ ఏడుగురినీ లోపలికి పిలిచి, కాగితాన్ని తరగతికి చదివి వినిపించాను. బస్సు వేళ సరిచేయమని అధికారులకు పంపిన వినతిపత్రానికి మా ప్రిన్సిపాల్ గారు ఆ కాగితాన్నే జతచేశారు. అప్పటినుండి మా కళాశాలలో నమ్మకం లేని ప్రతిదానికీ ఆ పేరే స్థిరపడింది. ల్యాబులో కరెంటు బహుళం, కుళాయిలో నీళ్లు బహుళం, హిందీ మాస్టారి కోపం బహుళం.

మీ తరగతులలో పుట్టిన ఇటువంటి మాటలను దయచేసి రాయండి. రెండు నియమాలు పెడుతున్నాను. ఎవరి పేరూ, ఏ కళాశాల పేరూ రాయకూడదు. ఆ మాట ఎవరి మీద పుట్టిందో వారు దానిని విని నవ్వి ఉండాలి.

వెర్నియర్

మాస్టారికి నమస్కారం. నేను మీ దగ్గర చదువుకోలేదు గానీ, గోదావరికి అవతల, పశ్చిమ డెల్టాలో, తెలుగు మాధ్యమంలో ఎంపీసీ చదివాను. మా ఫిజిక్స్ మాస్టారి చేతి గడియారం ఎప్పుడూ ఏడు నిమిషాలు ముందుండేది. ఆ గడియారం ప్రకారం మేమందరం రోజూ ఆలస్యమే. పరికరం సున్నా చూపవలసిన చోట మరో అంకె చూపితే దానిని శూన్యాంశ దోషం అంటారు. వెర్నియర్ కాలిపర్స్ పాఠంలో అది నేర్చుకున్న వారంలో మేము ఒక ఫిర్యాదు రాశాము. ‘మాస్టారి గడియారంలో ఏడు నిమిషాల ధన శూన్యాంశ దోషం ఉన్నది. దోషం ధనాత్మకమైతే సవరణ రుణాత్మకం. సవరణ చేసి చూడగా మేమందరం వేళకే వచ్చినట్లు తేలినది.’ మాస్టారు దానిని చదివి, ఎర్ర సిరాతో కింద ఇలా రాసి రికార్డు పుస్తకంలో అంటించారు: ‘లెక్క సరియైనది. అయితే గంట కొట్టే మనిషి కూడా ఈ గడియారాన్నే చూసి కొట్టును గనుక, ప్రమాణము ఇదియే.’ చివరి పరీక్ష వరకు ఆయన గడియారాన్ని మార్చలేదు, మేమూ సవరణ అడగడం మానలేదు.

మా తరగతిలో మరొక మాట 980. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం విలువ పుస్తకంలో సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్లని ఉంటుంది గనుక, అరవై మందికీ సరిగ్గా 980 వచ్చింది. ఒక్క అమ్మాయికి మాత్రం 973 వచ్చింది. పక్కవాళ్లది చూసి రాయలేదా అని ఆమెను ఆటపట్టిస్తుండగా మాస్టారు విన్నారు. ఆయన బల్ల మీద సుద్దముక్క పెట్టి చెప్పినది నాకు ఇప్పటికీ గుర్తున్నది. ఆ విలువ భూమధ్యరేఖ దగ్గర సుమారు 978, ధ్రువాల దగ్గర సుమారు 983. మన డెల్టా పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, సముద్రమట్టానికి దాదాపు సమానంగా ఉన్నది గనుక ఇక్కడ అది 978.4 దరిదాపుల్లో ఉంటుంది. మీటరు పొడవున్న లోలకం ఇరవై డోలనాలు చేసేటప్పుడు 980కీ 978.4కీ మధ్య వచ్చే తేడా సెకనులో నూరింట మూడు వంతులు మాత్రమే. చేతితో నొక్కే స్టాప్‌వాచీకి అది దొరకదు. కాబట్టి నిజంగా కొలిచినవారికి 970 అయినా రావచ్చు, 985 అయినా రావచ్చు గానీ, అరవై మందికి అరవై 980లు రావడానికి మాత్రం వీలులేదు. “మీరు కొలిచింది ఈ ఊరి భూమిని కాదు, పుస్తకంలోని అచ్చును” అన్నారాయన. ఆ పూట రికార్డులో ‘చాలా బాగున్నది’ అన్న మాట 973కే దక్కింది. ఆ తరువాత ఎవరైనా ఎత్తి రాసిన సమాధానం చెబితే, వెనుక బెంచీ నుండి ‘980’ అన్న ఒక్క మాట వినబడేది. అది మాస్టారు కూడా అనేవారు.

రేవు దాటినవాడు

మాది గోదావరి నడుమ ఉన్న లంక గ్రామం. రోజూ పడవ దాటి కళాశాలకు వెళ్లేవాళ్లం. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి ఎర్రనీరు తగిలితే మా ఇళ్లల్లో అందరికీ నోటికి వచ్చే అంకెలు కొన్ని ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఎగువన భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. భద్రాచలం దాటిన నీరు మన దగ్గరకు రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది గనుక, అక్కడి అంకె విని ఇక్కడ సామాను సర్దుకుంటాము.

ఈ లెక్క మా తరగతిలోకి వచ్చింది. మాకు లెక్కలు చెప్పే టీచరుగారు చాలా మంచివారు గానీ, కోపం వస్తే పెద్దగానే వచ్చేది. ఆవిడకు మొదటి గంట ‘ఏ’ సెక్షనులో, రెండవ గంట మా ‘బి’ సెక్షనులో ఉండేది. అందువలన ‘ఏ’ సెక్షను భద్రాచలం, మేము ధవళేశ్వరం. గంటల మధ్య వరండాలో అక్కడి పిల్లవాడు ఒకడు పరుగున వచ్చి కిటికీలోంచి ‘48’ అని చెప్పిపోయేవాడు. అంటే హోంవర్కు పుస్తకాలు అడుగుతున్నారని అర్థం. మేము వెంటనే పుస్తకాలు తీసేవాళ్లం. ఆవిడ లోపలికి వచ్చిన తరువాత కళ్లజోడు తీసి బల్ల మీద పెడితే నల్లబల్ల మూలన ఎవరో చిన్నగా 11.75 అని రాసేవారు. సుద్దముక్క కింద పెడితే 13.75. కుర్చీలో కూర్చొని ఏమీ మాట్లాడకుండా మా వంక చూస్తే 17.75. ఆ చూపు ముందు లంకలు మునగవలసిందే.

లంక పిల్లలమైన మాకు వరద అంటే భయం. పశువులను గట్టు మీదకు తోలుకొని రాత్రంతా మేలుకొని ఉన్న రోజులు ఉన్నాయి. 1986 ఆగస్టు వరద గురించి మా నాన్న చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. ఆ భయం పుట్టించే అంకెలనే తెచ్చి తరగతిలో నవ్వుకోవడానికి వాడుకున్నాము. పట్నం పిల్లలు మమ్మల్ని ఆ అంకెల అర్థం అడిగి తెలుసుకోవలసి వచ్చేది. ఆ విషయంలో మేమే వారికి గురువులం.

లెక్కల టీచరు

నేను మీ టీచరును కాకపోవచ్చు గానీ, బాబూ, మా కళాశాలలో కూడా సరిగ్గా ఇదే నడిచింది. డెల్టాలో ఇది చాలా తరగతులకు తోచిన ఊహే అయి ఉంటుంది. నేను అనంతపురం వైపు నుండి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటి రోజు హాజరు పిలిస్తే, పిల్లలు ఒక్కొక్కరే ‘ఆయ్’ అంటూ లేచారు. అది గౌరవంగా పలికే అవునన్న మాటని తెలియక, ఎవరికో ఏదో తగిలిందనుకొని దగ్గరకు వెళ్లి చూశాను. ఆ సంగతి నేను బదిలీ అయ్యేవరకు ప్రతి కొత్త బ్యాచీకీ పాత బ్యాచీ చెప్పింది.

నల్లబల్ల మూలన 13.75 అన్న అంకె కనిపించినప్పుడు, అది ఏ సమస్యకు జవాబో తెలియక రెండు రోజులు వెతికాను. అభ్యాసాలన్నీ తిరగేసినా ఆ జవాబు ఎక్కడా లేదు. చివరకు స్టాఫ్ రూములో ఒక లంక ఊరి మాస్టారు అర్థం చెప్పారు. ఆ రోజు నేను తరగతిలోకి వెళ్లి, ఆ మూలనే అంకెను తుడిచి, ‘రెండవ ప్రమాద హెచ్చరిక ఉపసంహరించడమైనది’ అని రాశాను. తరగతి మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. వారి మాటలోకి నన్ను రానిచ్చారన్న సంతోషం నాకు ఆ రోజు కలిగింది. కోపం వచ్చినప్పుడు నేనే అంకె రాసి, అది ఎందుకు పెరిగిందో చెప్పడం అప్పటినుండి అలవాటు చేసుకున్నాను. కారణం తెలిసిన కోపానికి పిల్లలు బెదరరు, సర్దుకుంటారు.

ఉపాధ్యాయుల ఫిర్యాదు కూడా ఒకటి సంచికలో ఉండాలి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకొని, పరీక్షల ముందు తరగతిలో సగం మంది శనివారాలు వచ్చేవారు కారు. మొక్కును కాదనలేము, శనివారం పెట్టే స్లిప్ టెస్టును వదులుకోలేము. టెస్టును శుక్రవారానికి మార్చాము. పిల్లలు వెంటనే ‘మేము శుక్రవారం కూడా మొక్కుకొనగలము’ అని రాసి ఇచ్చారు. దాని కింద మా ప్రిన్సిపాల్ గారు ‘ముందు పాఠానికి ఏడు ప్రదక్షిణలు చేసి, తరువాత రండి’ అని రాసి పంపారు.

440 వోల్టులు

మాది బైపీసీ. మా రోజుల్లో మొదటి సంవత్సరం ఎంపీసీ వారికి మొత్తం 470 మార్కులు, మాకు 440. అందుచేత ఎంపీసీ వారు మమ్మల్ని 440 వోల్టులు అనేవారు. మేము ఊరుకోలేదు. 470 ఓముల నిరోధకం ఫిజిక్స్ ల్యాబులోనే దొరుకుతుంది గనుక వారికి ఆ పేరు పెట్టాము. రెండు గ్రూపులకూ కలిపి జరిగే ఇంగ్లీషు తరగతిలో జవాబు రాకపోతే మాస్టారు “440ను 470తో భాగించండి, ఒక్క ఆంపియరు కూడా రావడం లేదు, మీ ఇద్దరి మధ్యా కరెంటు ఎక్కడ పారుతుంది?” అనేవారు. భాగిస్తే 0.94 వస్తుంది. ఆయన ఇంగ్లీషు మాస్టారు అయినా లెక్క తప్పలేదు.

వెర్నియర్

ఆ 0.94 మా దగ్గర కూడా ఉండేది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇక తేలదు.

యడాగమం

ఈ పేరు నాకు తరగతి పెట్టినది. ఎలా వచ్చిందో రాస్తాను, మాస్టారూ.

నా స్నేహితురాళ్లు ఇద్దరు కెమిస్ట్రీ రికార్డు విషయంలో మాట్లాడుకోవడం మానేశారు. ఒకరి సాల్ట్ అనాలిసిస్ ఫలితాన్ని మరొకరు అడగకుండా రాసుకోవడం వలన, తప్పు ఒక చోట దొర్లి ఇద్దరి రికార్డుల్లోనూ కనిపించింది. ఇద్దరికీ తిరిగి చేయమని చెప్పారు. నాలుగు నెలలు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చొని ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను మధ్యలో కూర్చొని ఆమె మాట ఈమెకు, ఈమె మాట ఆమెకు చేరవేసేదానను. స్కేలు కావాలన్నా, బస్సు వచ్చిందని చెప్పాలన్నా నా ద్వారానే జరగాలి.

ఒకరోజు తెలుగు మాస్టారు యడాగమం పాఠం చెబుతున్నారు. ‘సంధి లేనిచోట స్వరంబుకంటెఁ బరంబయిన స్వరంబునకు యడాగమంబగు’. మా, అమ్మ అన్న రెండు మాటల మధ్య సంధి కుదరక, రెండు అచ్చులూ పక్కపక్కన ఇమడక, నడుమ ఒక యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుందని చెప్పారు. వెనుక నుండి ఎవరో “మాస్టారూ, మూడో బెంచీలో కూడా సంధి లేదు, యకారం మధ్యలోనే కూర్చుంది” అన్నారు. తరగతి అంతా మా వైపు తిరిగింది. మాస్టారు నవ్వి, “అయితే ఆ యకారాన్ని తీసేస్తే ఏమవుతుంది?” అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయనే “రెండు అచ్చులూ విడివిడిగా నిలబడిపోతాయి, ఆ మాటను కలిపి పలకడానికి నోరు తిరగదు” అన్నారు.

ఆ ఇద్దరూ ఆ సాయంత్రం మాట్లాడుకోలేదు. పరీక్షలు అయిన తరువాత, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మా ఊరి ప్రభను చూస్తూ ముగ్గురం కలిసినప్పుడు, వారిలో ఒకరు నన్ను పక్కకు జరగమని చెప్పి రెండవ ఆమె పక్కన నిలబడింది. ఇప్పటికీ ముగ్గురం ఫోనులో మాట్లాడుకునే గుంపుకు యడాగమం అనే పేరు పెట్టుకున్నాము. ఉత్తరం రాసినా నేను ఆ పేరుతోనే సంతకం చేస్తాను. నాకు తరగతి ఇచ్చిన బహుమతి అది.

హాస్టలు పిల్లవాడు

మీ అందరి మాటలు చదువుతుంటే నాకు ఇష్టంగానూ ఉన్నది, బాధగానూ ఉన్నది. పదో తరగతి వరకు పాలకొల్లు దగ్గర మా ఊళ్లో చదివి, ఇంటర్‌కు పట్నంలో ఒక పెద్ద హాస్టలులో చేరాను. తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్ రాత్రి పొద్దుపోయేవరకు ఉండేది. అది ఫిర్యాదు కాదు, అందరికీ తెలిసినదే. నా ఫిర్యాదు మరొకటి. వారం వారం వచ్చిన మార్కులను బట్టి మా సెక్షన్లు మార్చేవారు. ఈ వారం పక్కన కూర్చున్నవాడు వచ్చే వారం మరో అంతస్తులో ఉండేవాడు. ఇలాంటి మాట ఒకటి పుట్టాలంటే ఒకే బెంచీ మీద అవే ముఖాలు కొన్ని నెలలు ఉండాలి. ‘48’ అని కిటికీలోంచి చెప్పేవాడు రేపు కూడా ఆ కిటికీ దగ్గరకు రావాలి. రెండేళ్లలో మా హాస్టలులో మాదని చెప్పుకోదగిన మాట ఒక్కటీ పుట్టలేదు. అక్కడ నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా నాకు కోల్పోయానన్న భావన ఉన్నది ఈ విషయంలోనే.

సముద్రపు ఒడ్డు

పెద్దలు పెట్టిన రెండవ నియమం గురించి ఒక మాట చెప్పాలి. ‘ఆ మాట ఎవరి మీద పుట్టిందో వారు విని నవ్వి ఉండాలి’ అన్నారు. నేను కూడా నవ్వాను.

మాది అంతర్వేది వైపు ఒక తీర గ్రామం. మా ఇంట్లో చేపల వేట, ఎండబెట్టడం, అమ్మడం తరతరాలుగా ఉన్న పని. ఇంటర్ మొదటి వారంలోనే నాకు ‘ఎండుచేప’ అన్న పేరు వచ్చింది. నేను లోపలికి రాగానే ముందు బెంచీవారు కిటికీ తెరిచేవారు. అది వారికి సరదా. ఒకసారి ఒక మాస్టారు కూడా ఆ కిటికీ వంక చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నాకు తెలుసు. ఆ తరువాత మధ్యాహ్నం బాక్సు తెరవడం మానేశాను. ఇంటికి వెళ్లేటప్పుడు దారిలో తినేవాడిని. మా అమ్మకు తెలియకూడదని ఖాళీ బాక్సును కాలువలో కడిగి తీసుకువెళ్లేవాడిని.

మీరు ఆనాడు మా తరగతికి వచ్చి నన్ను అడిగి ఉంటే, నవ్వుతూనే ‘ఇది సరదాకే మాస్టారూ’ అని చెప్పేవాడిని. మీ నియమం ప్రకారం ఆ మాట సంచికలోకి వచ్చేసేది.

కాలువగట్టు పంతులు

నాయనా, నీవు చెప్పినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా నియమం తప్పు. నవ్వు సమ్మతికి గుర్తని నేను అనుకున్నాను. 26 ఏళ్లలో నా ఎదుట నవ్విన ఎంత మంది పిల్లలు ఇలా నవ్వి ఉంటారో ఇప్పుడు లెక్క కట్టలేను. నీవు చెప్పిన ఆ మాస్టారు నేను కాకపోయినా, అటువంటి కిటికీ నా తరగతిలో తెరిచి ఉంటే నేను గమనించి ఉండేవాడినని చెప్పే ధైర్యం నాకు లేదు.

రెండవ నియమాన్ని తీసివేస్తున్నాను. దాని స్థానంలో ఏమి పెట్టాలో మీరందరూ చెప్పండి.

రేవు దాటినవాడు

మాస్టారూ, నాకు తోచినది ఇది. టీచరుగారి కోపం మీద మేము అంకెలు రాశాము. ఆవిడ కావాలనుకుంటే ఆ కోపాన్ని తగ్గించుకోగలరు, పెంచుకోగలరు. బస్సు వేళ మీద ఫిర్యాదు రాశారు, ఆ వేళను మార్చవచ్చు. గడియారాన్ని తిప్పవచ్చు. పుట్టిన ఇంటిని, తిన్న కూడును, అమ్మానాన్నల పనిని ఎవరూ మార్చుకోలేరు, మార్చుకోవలసిన అవసరమూ లేదు. మనిషి చేసినదాని మీద పుట్టిన మాట వేరు, మనిషి మీద పుట్టిన మాట వేరు. మా లంక పిల్లలను కూడా ‘బురదకాళ్లు’ అన్నవారు ఉన్నారు. ముందు రాసినప్పుడు అది రాయలేదు. రాయకపోవడం సరికాదని ఇప్పుడు అనిపిస్తున్నది.

యడాగమం

నేను మరొకటి చేరుస్తాను. నా పేరును నేనే వాడుకోగలను. ఉత్తరం కింద రాసుకోగలను, నన్ను అలా పిలిచినవారిని అదే వ్యాకరణంతో తిరిగి ఆటపట్టించగలను. మా తరగతిలో ఏది చెప్పినా రెండుసార్లు చెప్పే అబ్బాయికి నేను ‘ఆమ్రేడితం’ అని పేరు పెట్టాను, అతడు తన పుస్తకాల మీద అలాగే రాసుకున్నాడు. సముద్రపు ఒడ్డు అన్నయ్యగారు ‘ఎండుచేప’ అన్న పేరును తన పుస్తకం మీద రాసుకోగలిగేవారా? రాసుకోలేని పేరును వేయవద్దు.

ద్వితీయ సంవత్సరం

నేను ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సీనియర్ ఇంటర్ చదువుతున్నాను. పెద్దవారి మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. మా కళాశాలలకు 2025 జనవరి నుండి మధ్యాహ్న భోజనం వచ్చింది. దానికి లంకల గన్నవరంలో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అంతకుముందు మా తరగతిలో ఒక అక్క తన బాక్సును అందరికీ పంచేది గనుక, ఆమె కూర్చునే బెంచీని ‘గన్నవరం’ అనేవాళ్లం. “గన్నవరం వెళ్లొస్తాను” అంటే ఆకలి వేస్తున్నదని అర్థం. ఇప్పుడు అందరం ఒకే వరుసలో కూర్చొని తింటున్నాము, అయినా ఆ బెంచీకి ఆ పేరు పోలేదు. మాస్టారూ, ఇది వేయవచ్చునా? ఆ అక్క దానిని తన రికార్డు పుస్తకం అట్ట లోపల రాసుకుంది, నేను చూశాను.

అన్నయ్యా, మా తరగతిలో కూడా ఒక కిటికీ ఉన్నది. మీరు రాసినది చదివిన తరువాత, ఎవరు లోపలికి వచ్చినప్పుడు దానిని తెరుస్తున్నారో గమనించాను. రేపటి నుండి ఆ కిటికీ పక్కన నేను కూర్చుంటాను.

లెక్కల టీచరు

అమ్మా, నీవు ఒక్కదానివే కూర్చుంటే సరిపోదు. మీ టీచరుగారికి కూడా చెప్పు. పిల్లలు చెప్పకపోతే మాకు తెలియనివి చాలా ఉంటాయి, తెలిసినా తేలికగా తీసుకునేవి మరికొన్ని ఉంటాయి.

కాలువగట్టు పంతులు

‘గన్నవరం’ తప్పక వేస్తాను తల్లీ. యడాగమం చెప్పిన నియమాన్నే పెడుతున్నాను. ఎవరి మీద పుట్టిన మాటను వారు తమ పుస్తకం మీద రాసుకోగలగాలి. సముద్రపు ఒడ్డు నాయనా, నీవు ఇక్కడ రాసినదానిని కూడా సంచికలో వేయాలని ఉన్నది. నీవు వద్దంటే వేయను. ఇంకొక మాట కూడా అడుగుతాను, జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆ రెండేళ్లలో నీవు నీ పుస్తకం మీద రాసుకోగలిగిన మాట ఒక్కటైనా ఉన్నదా?

సముద్రపు ఒడ్డు

వేయండి మాస్టారూ. బస్సు బహుళం ఉన్న పేజీకి ఎదుటి పేజీలో వేయండి.

ఒక మాట ఉన్నది. రెండవ సంవత్సరం మధ్యలో ఫిజిక్స్ గంటలో చంద్రుడి ఆకర్షణ గురించి చెబుతూ, సముద్రంలో పోటు రోజూ ఒకే వేళకు వస్తుందా అని మాస్టారు అడిగారు. ఎవరికీ తెలియలేదు. నేను లేచి చెప్పాను. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కు జరుగుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఎక్కువగా ఎక్కుతుంది, అష్టమి నవములకు తక్కువగా ఎక్కుతుంది. పడవ ఎప్పుడు లోపలికి తోయాలో, ఎప్పుడు ఒడ్డుకు తేవాలో మా నాన్న దానిని బట్టే చెబుతాడు. నల్లబల్ల దగ్గరకు పిలిచి ఒక వారం వేళలు వేయమంటే వేశాను. తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. కిటికీ ఆ రోజు కూడా తెరిచే ఉన్నది గానీ, దాని వంక ఎవరూ చూడలేదు.

అప్పటినుండి మా మాస్టారి ప్రత్యేక తరగతి ప్రతిరోజూ ఆలస్యమవుతుంటే నేను “పోటు యాభై నిమిషాలు వెనక్కు జరిగింది” అనేవాడిని. ఆ మాట నేను పుట్టించినది. మిగిలినవారు నా దగ్గర తీసుకున్నారు. ఏడాది చివర ఆ మాస్టారు, ఒకప్పుడు కిటికీ వంక చూసి నవ్విన ఆయనే, వరండాలో నన్ను ఆపి, ఆదివారం పిల్లలను సముద్రానికి తీసుకువెళుతున్నాను, పోటు ఎన్ని గంటలకు అని అడిగారు. ఆ రోజు పౌర్ణమికి రెండు రోజుల ముందు. వేళ చెప్పి, సాయంత్రం చీకటి పడక ముందే తిరిగి రమ్మని చెప్పాను.

ఆ మాటను నా ఫిజిక్స్ రికార్డు చివరి పేజీలో రాసుకున్నాను. ఆ రికార్డు మా ఇంట్లో ఉన్నది. కావాలంటే ఫొటో తీసి పంపుతాను.